మద్రాసులో మా నాయిన

నా చిన్నప్పుడు మా నాయిన చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని. పటాన్‌చెరు దగ్గర కొత్తగా పెట్టిన ఒక ఫ్యాక్టరీలో రేకులు వంచే మిషిన్ కింద పడి ఆయన కుడిచెయ్యి నలిగిపోయింది. దవాఖానలో మణికట్టు దాకా తీసేశారు. అప్పుడు నాకు పదేళ్లు. తమ్ముడు పుట్టి నెల కూడా కాకపోవడంతో అమ్మ మంచం దిగలేదు. నాయినకు అన్నం కలిపివ్వడం, తల దువ్వడం, మొండి చేతికి తువ్వాలు చుట్టడం అన్నీ నా పనులయ్యాయి.

మద్రాసులో కొయ్యచెయ్యి అమరుస్తారని ఎవరో చెబితే ఇద్దరం రైలెక్కాం. మా ఊరు పాశమైలారం నుంచి సంగారెడ్డి సంతకు తప్ప ఎక్కడికీ పోని నాకు అదే పెద్ద పండుగ. దిగిన రోజు పొద్దున్నే దవాఖానలో చేతికి కొలతలు తీసుకుని, మర్నాడు రమ్మన్నారు.

"ఇంత దూరమొచ్చి సముద్రం సూడకుంట పోతమా బిడ్డా? పా," అన్నాడు నాయిన. చెయ్యి పోయాక ఆయన నవ్వగా చూడటం అదే మొదటిసారి.

ముందు మ్యూజియానికి వెళ్లాం. ఒక పెద్ద గదిలో తిమింగలం ఎముకల గూడు నిలబెట్టి ఉంది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, నా ఈడు అమ్మాయి ఒకతె తల్లితో వచ్చి పక్కన నిలబడింది. తెలుగువాళ్లే, మద్రాసులో స్థిరపడ్డవాళ్లు. ఆ అమ్మాయి కాళ్లకు తెల్ల మేజోళ్లు, నల్ల బూట్లు. నావి వట్టి కాళ్లు. మాటలు కలిశాయి. అంతలో నాయిన చేతి తువ్వాలు జారింది.

"ఆయనెవరు? చెయ్యేమైంది?" అని అడిగింది ఆ పిల్ల, మొహం అదోలా పెట్టి.

"మా ఇంట్ల జీతగాడు. సంచి మోయనీకి వచ్చిండు," అన్నాను.

నాయిన నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. నా వైపు ఒకసారి చూశాడు. నేను తల తిప్పుకున్నాను. ఆయన దగ్గరికి వచ్చి, ఎడమచేత్తో నా భుజం మీది సంచి అందుకుని, "ఇటియ్యుండ్రి అమ్మా," అన్నాడు. కన్నకూతురిని అలా మీరని పిలిచి, వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

మీవాళ్లేరని ఆ తల్లి అడిగితే, పని మీద వెళ్లారని ఇంకో అబద్ధం ఆడాను. తామూ సముద్రానికే వెళ్తున్నామని ఆమె మమ్మల్ని కూడా బస్సెక్కించింది. దారిలో తెల్లవాళ్లు కట్టిన పాత కోట చూపించింది. నాయిన బస్సు చివర నిలబడ్డాడు. కోట ఆయనకు కనిపించిందో లేదో నాకు తెలియదు.

ఒడ్డున ఆమె అందరికీ శనగ గుగ్గిళ్లు కొన్నది. నాయిన తన పొట్లం తీసుకుని దూరంగా ఇసుకలో కూర్చున్నాడు. పొట్లం పట్టుకుంటే తినడానికి చెయ్యి లేదు. వేరే రోజైతే నేను పట్టుకునేదాన్ని. మొండి చేత్తో ఛాతీకి అదిమి పట్టి తినబోయాడు. గాలికి పొట్లం ఎగిరిపోయింది. గుగ్గిళ్లన్నీ ఇసుక పాలయ్యాయి. ఆ అమ్మాయి కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వాను. నాయిన మమ్మల్ని చూసి, తనూ నవ్వాడు.

పొద్దు వాలేవేళకు వాళ్లు వెళ్లిపోయారు. నేను వెళ్లి నాయిన ముందు నిలబడ్డాను. "నీళ్లల్ల కాళ్లు తడుపుకున్నవా బిడ్డా?" అన్నాడాయన, ఏమీ జరగనట్టు. నేను వెక్కివెక్కి ఏడ్చాను. ఎందుకని అడగలేదు. తువ్వాలుతో నా ముఖం తుడిచాడు, అంతే.

మర్నాడు నాయిన కొయ్యచెయ్యి పెట్టించుకున్నాక ఇంటికొచ్చాం. అమ్మ అడిగింది, పిల్ల మంచిగ చూసుకుందా అని. "నన్ను ఒక్క గడియ గూడ ఇడిసిపెట్టలే," అన్నాడు నాయిన. అమ్మ నన్ను దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకుంది. నేను కొయ్యలా నిలబడిపోయాను. ఆయన నా చెంప పగలగొట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో.

ఆ తర్వాత నాయిన ఇరవై ఏళ్లు బతికాడు. నా పెళ్లయ్యాక ఒకసారి ఆనాటి మాట ఎత్తబోయాను. "సముద్రం మస్తుండె గదా," అని నవ్వి మాట తప్పించాడు. తప్పయిందని నేను చెప్పుకోనే లేదు.

ఇప్పుడు నా వయసు ఆయన పోయిన వయసును దాటింది. కొత్తవాళ్లెవరైనా మీ నాయిన ఏం చేసేవాడని అడిగితే, ఊరు పేరు కంటే ముందు, మిషిన్‌లో ఆయన కుడిచెయ్యి పోయిందని చెబుతాను. అడగకపోయినా చెబుతాను.