నా లాగిన్, ఆయన ఫోన్

మీ పేరుతో తలుపు తీసుకుని లోపలికి పోతున్న మనిషి మీరేనని రుజువు చేయగలరా?

తొందరపడి అవుననకండి. రుజువు లేనిదే ఏదీ నమ్మొద్దని ఊరూరా తిరిగి చెప్పినదాన్ని నేను. నిమ్మకాయ కోస్తే రక్తం ఎందుకు కారుతుందో, కత్తికి ముందే ఏం పూశారో బల్ల మీద పెట్టి చూపించినదాన్ని. మా పెండ్లిలో మంత్రాలు లేవు, తాళి లేదు. దండలు మార్చుకుని, ఇద్దరం సమానంగా బతుకుతామని మైకులో చెప్పాం. ఆ మాట ఉత్తదేం కాదు. ఆయన వంట చేస్తాడు, బట్టలు ఉతుకుతాడు, నేను సభలకు పోతే ఎందుకని అడగడు. ఇద్దరం సర్కారు బడి టీచర్లమే. అచ్చంపేటలో కిరాయి ఇంట్లో ఉంటాం.

రాష్ట్రం వచ్చిన తర్వాత మా ఉద్యోగాల కాగితాలన్నీ ఒక్కొక్కటిగా కంప్యూటర్లోకి పోయాయి. సెలవు కావాలన్నా, సర్వీసు వివరం సరిచేయాలన్నా వెబ్‌సైట్‌లోనే. ప్రతిచోటా ఫోన్ నంబర్ అడిగేవారు. ప్రతిచోటా ఆయన నంబరే ఇచ్చాం. గ్యాస్ సిలిండర్‌కు ఇచ్చిందే నా ఉద్యోగానికీ ఇచ్చాం. మా వైపు దాన్ని ఇంటి నంబర్ అంటారు. ఇంటికి ఒక గడప ఉన్నట్టు ఒక నంబర్ ఉంటుంది. ఆ గడప ఎవరి జేబులో ఉందని ఎవరూ అడగరు.

నల్లమల అంచున ఉన్న ఒక ఊరికి నేను మొదట పోయింది బాణామతి మీద మాట్లాడటానికి. ఊళ్లో పిల్లలకు జ్వరాలొస్తే, ఒంటరిగా బతుకుతున్న ఒక నడివయసు ఆమె చేతబడి చేసిందని పుకారు లేచింది. ఆమె బిందె తీసుకుని బోరింగ్ దగ్గరికి వస్తే మిగతా ఆడవాళ్లు తమ బిందెలు ఎత్తుకుని వెళ్లిపోయేవారు. నేను బడి ఆవరణలో నా ప్రయోగాలన్నీ చేశాను. జ్వరం దేనివల్ల వస్తుందో, దోమ ఎక్కడ గుడ్లు పెడుతుందో చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. సామాను సర్దుకుంటుంటే ఆమే వచ్చి నా పక్కన నిలబడింది.

"మేడం, ఇయ్యాల మీరున్నరు గనుక సప్పట్లు కొట్టిన్రు. రేపు ఇంకో పోరనికి జరమొస్తే నా ఇంటి మీదికే వస్తరు."

"నేను మళ్ల వస్త అమ్మా."

"మీరు వచ్చుడు కాదు. ఉండుడు కావాలె."

ఎన్నో వేదికల మీద ఎదుటివాళ్ల నోరు మూయించాను. ఆమె ముందు మాత్రం చేతిలో గాజు సీసా పట్టుకుని ఊరికే నిలబడ్డాను. ఒక్కరోజు ప్రదర్శనతో భయం పోదు. రోజూ అదే బోరింగ్ దగ్గర నీళ్లు పట్టుకునే మనిషి, రోజూ పిల్లలకు పాఠం చెప్పే మనిషి అక్కడ ఉండాలి. ఆ ఊరి ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం టీచర్ కుర్చీ ఏళ్ల తరబడి ఖాళీగా ఉందని ప్రధానోపాధ్యాయుడు చెప్పాడు. నేను చెప్పేదీ భౌతికశాస్త్రమే. బదిలీలు పడితే వస్తానని ఆమెతో అన్నాను.

బదిలీలు పడ్డాయి. ఎవరికి ఏ ఊరు కావాలో వెబ్‌సైట్‌లో వరుసగా పెట్టుకోవాలి. ముందు పెట్టిన ఊరు ముందు దొరుకుతుంది.

మా జిల్లాలో ఆ రోజులు ఎలా ఉంటాయో తెలియనివారికి చెప్పాలి. మా ఆయన కంప్యూటర్ పనిలో నేర్పరి. అందుకని మా ముందరి గది టీచర్ల భర్తలతో నిండిపోతుంది. టీచర్లతో కాదు, టీచర్ల భర్తలతో. ఒక్కొక్కరి జేబులో భార్య ఐడీ, పాస్‌వర్డ్.

"మా ఆమెకు రోడ్డు మీది ఊరే పెట్టన్నా. బస్సు దిగితే బడి గేట్ల కాలు పడాలె."

"ఆమెనడిగినవా?"

"అడుగుడేందన్నా. ఆమె మోకాళ్ల నొప్పులు నాకెరుక లేదా? మందు రాసేది నేనే గద."

అందరూ నవ్వారు. నేను చాయ్ పట్టుకుపోయేసరికి తెర మీద నా పేజీ తెరిచి ఉంది. నా ఫోటో, నా పేరు, పేరు ముందు 'స్వాగతం'. కుర్చీలో ఆయన. వరుసలో మొదట శ్రీశైలం రోడ్డు మీది బడి. అడవి అంచు ఊరు అన్నిటికన్నా కింద.

"దాన్ని పైకి జరుపు. మొన్ననే చెప్పిన గద."

"చూద్దాం. చాయ్ అందరికిచ్చినవా?"

ఒకాయన అందుకున్నాడు. "వదినా, ఆ ఊరికి బస్సు పొద్దుగాల ఒకటి, పొద్దుమీకి ఒకటి. మీరాడ రూం తీసుకుంటే మా అన్న వంట నేర్సుకోవాలె."

"మీ అన్నకు వంటొచ్చు. రానిది మీకేమో, జర మీ సంగతి చూసుకోండ్రి."

మళ్లీ నవ్వులు. నా పేజీ మాత్రం కదల్లేదు.

వాళ్లంతా పోయాక ఆయనతో కూర్చున్నాను. పాములున్నాయన్నాడు, సిగ్నల్ ఉండదన్నాడు, వానాకాలం వాగొస్తే దారి తెగుతుందన్నాడు. అన్నీ నిజాలే. "నేనేమన్న బంద్ పెట్టిన్నా? జర ఆలోచించుమంటున్న" అన్నాడు. ఆలోచించాల్సింది నేనైతే, ఎదురుచూస్తున్న పేజీ ఆయన చేతిలో ఎందుకుంది?

మర్నాడు బడిలో పిల్లలు అన్నం తినే వేళ ఆఫీసు గది కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పాస్‌వర్డ్ ఇద్దరికీ తెలిసిందే. కొట్టగానే ఒక హెచ్చరిక వచ్చింది. మీరు ఇప్పటికే మరోచోట లాగిన్ అయి ఉన్నారు, అక్కడ ముగించి ఇక్కడ కొనసాగాలా అని. నేను మరోచోట ఉన్నానట. సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్న ఆయన, కంప్యూటర్ లెక్క ప్రకారం, నేను. అవును, ముగించు అని నొక్కాను. అడవి అంచు ఊరిని మొదటికి తెచ్చాను. భద్రపరిచేలోపే పేజీ తెల్లబోయింది. మీరు మరోచోట లాగిన్ అయినందున ఈ సెషన్ ముగిసింది.

మళ్లీ లోపలికి పోయాను. మళ్లీ బయట పడ్డాను. మా ఇద్దరి మధ్య ఎన్నడూ ఇంత కొట్లాట జరగలేదు. ఒక్క మాట లేదు, ఒకరి ముఖం ఒకరికి కనబడదు. ఒకరినొకరం గెంటుకుంటున్నాం. చివరికి ఫోన్ మోగింది.

"ఎవరో నీ లాగిన్ల జొర్రుతున్నరు. పాస్‌వర్డ్ దొరికినట్టుంది ఎవరికో."

"నేనే."

ఆయన వెనకనుంచి ఎవరో "ఏమైందన్నా" అని అడుగుతున్నారు.

"నువ్వా," అన్నాడాయన. "ముందుగాల చెప్పొద్దా."

నా ఇంట్లోకి నేను వస్తున్నానని ముందుగా చెప్పాలట.

ఆయన పక్కకు జరిగాడు. ఊరిని పైకి తెచ్చి, భద్రపరిచి, ధ్రువీకరించు అని నొక్కాను. ఒక్కసారి ధ్రువీకరిస్తే మళ్లీ మార్చడానికి వీల్లేదు. మీ మొబైల్‌కు ఓటీపీ పంపాం, దాన్ని నమోదు చేయండి అని వచ్చింది. నా ఫోన్ బల్ల మీద చప్పుడు లేకుండా పడి ఉంది. మోగాల్సింది అది కాదు గదా. ఆయనకు ఫోన్ చేశాను.

"ఓటీపీ వచ్చిందా?"

"వచ్చింది."

"చెప్పు."

"ఎవరికీ చెప్పొద్దని కింద రాసి ఉన్నది," అని నవ్వాడు. "ఇంటికి రా. కూసోని మాట్లాడుకుందాం. సాయంత్రం దాక టైమున్నది."

"ఇప్పుడే చెప్పు."

"నీ మేలుకే గద నేను..."

తెర మీద సెకన్లు దిగిపోయాయి. గడువు ముగిసింది, మళ్లీ లాగిన్ అవ్వండి. బడి వదిలిపెట్టేదాకా ఉండి, బస్సు పట్టుకుని ఇంటికి పోయాను. ముందరి గదిలో ఖాళీ గ్లాసులున్నాయి. ఆయన ఒక్కడే ఉన్నాడు.

"సర్వర్ మొరాయిస్తున్నది. ఆఖరికి ఎక్కదేమోనని అందరియి కొట్టేసిన."

"నాది?"

"నీది గూడ."

"ముందు ఏ ఊరు?"

ఆయన గ్లాసులు ఎత్తుకుని లోపలికి పోతూ చెప్పాడు. "రోడ్డు మీదిదే. ఒకటి రెండేండ్లు చూడు. తర్వాత పోదువు." బదిలీలు ఒకటి రెండేళ్లలో రావని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. గ్లాసులు ఆయనే కడిగాడు.

నేను ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? నేను నా ఐడీతో ప్రవేశించాను. నాకు వద్దన్న ఊరిని ఎంచుకున్నాను. నేనే ఓటీపీ కొట్టి ధ్రువీకరించాను. రికార్డు చెప్పేది ఇదే. ఆ రాత్రంతా ఆ వెబ్‌సైట్‌ను తిట్టుకుందామనుకున్నాను, కుదరలేదు. దాని తర్కంలో తప్పు దొరకలేదు. అది రెండే ప్రశ్నలు అడుగుతుంది. నువ్వెవరు? నీకు ఏం చేసే అధికారం ఉంది? మొదటి ప్రశ్నకు నోటిమాట చాలదంటుంది, రుజువు అడుగుతుంది. ఒకసారి నమ్మితే, పాత సినిమా హాళ్లలో ఇంటర్వెల్‌కు బయటికి పోయేవాళ్లకు ఇచ్చే చీటీ లాంటిది ఒకటి చేతిలో పెడుతుంది. చీటీ ఎవరి దగ్గరుంటే వాళ్లే ప్రేక్షకులు, టికెట్ కొన్నదెవరని మళ్లీ అడగరు. దాన్నే సెషన్ అంటారు. ఇన్నాళ్లూ నేను ప్రచారం చేసిన సూత్రాన్ని ఆ యంత్రం నాకన్నా నిక్కచ్చిగా పాటించింది. రుజువు ఉన్నవాడే నేను. రుజువు ఆయన జేబులో ఉంది. మంత్రాలు లేని పెండ్లి చేసుకున్నాం, నంబర్ మాత్రం ఎవరూ మంత్రం చదవకుండానే ఆయన మెడలో పడింది. కాదు, నా మెడలో పడింది.

నంబర్ మార్చమని విద్యాశాఖ ఆఫీసుకు పోయాను. కిటికీ దగ్గరి ఉద్యోగి మర్యాదస్తుడే.

"పాత నంబర్ పోయిందా మేడం?"

"పోలే."

"పని చేస్తలేదా?"

"మంచిగ చేస్తున్నది. అది నాది కాదు."

"సార్‌దే గద."

"అందుకే మార్చుమంటున్న."

అతను పక్క కుర్చీలోని ఆమె వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. "ఆన్‌లైన్లనే అయితది మేడం. మీరు కొత్త నంబర్ కొడితే పాత నంబర్‌కు ఓటీపీ పోతది. అది సార్‌నడిగి కొట్టుండ్రి." తర్వాత గొంతు తగ్గించి, "భార్యాభర్తల నడుమ మేమెందుకు మేడం, సార్ అన్ని చూసుకుంటున్నడు, అదృష్టమనుకోండ్రి" అన్నాడు.

తాళం మార్చాలంటే తాళంచెవి ఉన్నవాడి అనుమతి కావాలి. బయటికి పోయే దారి కూడా ఆయన జేబులోంచే పోతుంది.

అన్నం తింటుండగా ఆయన ముందు నా ఫోన్ పెట్టాను. "నంబర్ మార్చుతున్న. నీ ఫోన్‌కు ఓటీపీ వస్తది, చదువు."

"అలిగినవా?"

"లేదు. చదువు."

ఎడమ చేత్తో తన ఫోన్ ఎత్తి ఒక్కొక్క అంకె చదివాడు. ఇంట్లోంచి సామాను ఒక్కొక్కటి బయట పెడుతున్నవాడిలా చదివాడు. నా నంబర్ ఎక్కింది. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకున్నాను. అన్నిచోట్లా లాగ్ అవుట్ చేయి అన్నదాన్ని నొక్కాను. ముందరి గదిలోని కంప్యూటర్లో నేను ఇప్పుడు లేను.

ఇప్పుడు నా పేజీలోకి నేను పోతాను. నాకు స్వాగతం చెబుతుంది. కింద, ప్రస్తుతం అందుబాటులో ఉన్న సేవలు ఏవీ లేవు అని ఉంటుంది. తాళంచెవి నా చేతికి వచ్చింది, తలుపు మాత్రం మూసేశారు. మళ్లీ ఎప్పుడు తెరుస్తారో ఎవరూ చెప్పరు. బస్సు దిగితే గేట్లో కాలు పడే బడిలో పాఠాలు చెబుతున్నాను.

ఆదివారాలు పొద్దున బస్సుకు అడవి అంచు ఊరికి పోతున్నాను. సాయంత్రం బస్సుకు తిరిగి వస్తున్నాను. వానలు పడ్డాక ఒక ఆదివారం పోతే ఆమె ఇంటికి తాళం వేసి ఉంది. వాకిట్లో గడ్డి మొలిచింది. మళ్లీ జ్వరాలొచ్చాయని తెలిసింది. ఆమె ఎక్కడికి పోయిందని అడిగితే ఆడవాళ్లు బిందెలు ఎత్తుకుని వెళ్లిపోయారు. బోరింగ్ కొడుతున్న ఒక తొమ్మిదో తరగతి పిల్ల మాత్రం బిందె నిండేదాకా నావైపు చూసి, "మీరు ఉంటరనుకున్నం మేడం" అంది. భౌతికశాస్త్రం కుర్చీ ఇప్పటికీ ఖాళీయే.

చెల్లెలా, నీ ఫోన్ తీయి. నీ ఉద్యోగానికి, నీ బ్యాంకుకు, నీ చదువుకు ఎవరి నంబర్ ఉందో ఇప్పుడే చూడు. నీది కాకపోతే ఇవాళే మార్చు. ప్రేమ ఉంది, నమ్మకం ఉంది అని వాయిదా వేయకు, నా ఇంట్లోనూ అవి ఉన్నాయి. తమ్ముడా, ఆమె పేజీ నీ కంప్యూటర్లో తెరిచి ఉంటే లాగ్ అవుట్ చేసి కుర్చీలోంచి లేచి నిలబడు. తలుపులు మళ్లీ తెరిచేనాటికి ఆ కుర్చీలో ఆమె కూర్చుని ఉండాలి.