ప్లెయిన్ చీరకు ఎన్ని బుటాలు?

ధర్మవరంలో మగ్గం నేసే ఓబులేశన్నకు చీర డిజైన్ల ప్రోగ్రాం ఒకటి సి భాషలో రాసిచ్చినా. నెల నుంచి అది ఉన్నట్టుండి ఆగిపోతాండాది. లోపల ఏ పొరపాటు జరిగినా "ఎర్రర్, మళ్లీ మొదలుపెట్టండి" అని ఒకే మాట చెప్పేలా రాసింది నేనే, అన్ని రోగాలకూ ఒకే మాత్ర మాదిరి. కారణం నాకే తెలీక, మీ కరెంటు సరిగా లేదని ఆయనకు చెప్పేసినా.

ఈ పొద్దు హిందూపురంలో బస్సెక్కి ఆయన ఇంటికి పోయి, ప్రోగ్రాం ఆగినప్పుడు అది ఏ రకం ఎక్సెప్షనో, అంటే లోపల ఏ పొరపాటో చూపించేలా నాలుగు లైన్లు చేర్చినా. మెమరీ తప్పేమో అనుకుంటే, సున్నాతో భాగహారం అని వచ్చింది. ప్రోగ్రాం చీర పొడవును దాని మీద నేసే పూల బుటాల సంఖ్యతో భాగించి వాటి మధ్య ఎడం లెక్కగడుతుంది.

"అన్నా, బుటాలు ఎన్నని కొట్టినావు?"

"సున్నా. ప్లెయిన్ చీరకు బుటాలు యాడుంటాయప్పా?"

ఆయన తప్పేమీ లేదు. ప్లెయిన్ చీర ఒకటుంటుందని నాకే తట్టలేదు. సరిచేసి లేస్తాంటే టేబుల్ కింద కొత్త స్టెబిలైజర్ కనబడింది. నా మాట నమ్మి పోయిన వారమే తెచ్చుకున్నాడంట.

కారణం తెలీనప్పుడు మీరు తప్పును దేని మీదికి తోస్తారో చెప్పండి. నేను మాత్రం ఇంక కరెంటును ఏమీ అనను.