ఫ్లాపీకి అమ్మ పెట్టిన బొట్టు

మా చిన్నప్పుడు... లాల్‌దర్వాజాలో మా గల్లీ మొత్తానికి ఒక్కటే కంప్యూటర్. అది శ్రీశైలం అన్న ఇంట్లో ఉండేది. దాన్ని చూడాలంటే చెప్పులు బయట విడిచి, కాళ్లు కడుక్కుని, తుడుచుకుని మరీ లోపలికి వెళ్లాలి. లేకపోతే వైరస్ వస్తుందట... కాళ్ల మట్టితో!

అన్న మూడు నెలల కోర్సులో చేరి సగంలో మానేసిన ఘనుడు. అయినా గల్లీకి ఆయనే ప్రొఫెసరు. ఆయన సలహాలు ఒకటా రెండా... ఊరికే రిఫ్రెష్ నొక్కుతూ ఉంటే మిషన్‌కు అలుపు తీరుతుందట. వానాకాలం మానిటర్‌కు దుప్పటి కప్పాలట. ఫ్లాపీ పెట్టే సందులో కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేస్తే మెత్తగా తిరుగుతుందట. ఈ చెత్తంతా పెద్దవాళ్లు కూడా నోరు తెరుచుకుని వినేవాళ్లు. నేనూ విన్నాను.

ఫ్లాపీ అంటే తెలియని పిల్లల కోసం చెబుతున్నా... అరచేతిలో పట్టే చదరపు ప్లాస్టిక్ బిళ్ల. పైన పేరు రాసుకునే కాగితం, కింద పక్కకు జరిగే చిన్న రేకు, ఆ రేకు లోపల పల్చటి నల్ల చక్రం. రాసిందంతా ఆ చక్రం మీదే ఉంటుంది.

మా అక్క అప్పుడు కంప్యూటర్ కోర్సు చేస్తోంది. దసరా సెలవులు అవగానే ప్రాజెక్టు ఇవ్వాలి. అది ఇస్తే సర్టిఫికెట్, సర్టిఫికెట్ చూపిస్తే ఆబిడ్స్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం. రెండు నెలలు ఆ కోర్సు చెప్పే చోటే కూర్చుని చేసిన పనంతా ఒక్క ఫ్లాపీలో ఉంది.

"ఇంకోటి కాపీ తీసి పెట్టుకోవాల్నా అన్నా?" అని అక్క అడిగింది కూడా.

"పాగల్ అయినవా? కాపీ తీస్తే అసలుది కమ్‌జోర్ అయితది, బలం తగ్గుతది" అన్నాడు మహానుభావుడు.

ఆయుధపూజ నాడు అమ్మ కత్తిపీటకు, కుట్టుమిషన్‌కు, బాపు సైకిల్‌కు, నా జామెట్రీ బాక్సుకు... అన్నిటికీ బొట్లు పెట్టింది. చివరికి అక్క ఫ్లాపీని కూడా పీట మీద పెట్టి, "దీనితోనే గదా బిడ్డా నీకు నౌకరి వచ్చేది" అంటూ పైనున్న కాగితం మీద పసుపు రాసి, చిన్న కుంకుమబొట్టు పెట్టింది. అక్క నవ్వింది. నాకూ ఎంతో ముచ్చటేసింది.

మర్నాడు, ఇచ్చే ముందు ఒకసారి చూసుకుందామని శ్రీశైలం అన్న ఇంటికి వెళ్లాం. పండగ కదా అని అమ్మ కూడా గారెలు ఒక పళ్లెంలో పెట్టుకుని వచ్చింది.

ఫ్లాపీ పెట్టగానే గర్ర్... గర్ర్ అని చప్పుడు. తెర మీద ఏదో ప్రశ్న వచ్చింది. అన్న చదవలేదు. నొక్కేశాడు. ఇంకో ప్రశ్న వచ్చింది. ఈసారి అందులో 'ఎరేజ్' అన్న మాట నాకు కనిపించింది. ఆరో తరగతి పిల్లకు రబ్బరుతో తుడిచేయడం ఏమిటో తెలియదా?

"అన్నా... ఎరేజ్ అంటుంది."

"చుప్ బైఠ్ పోరీ! కంప్యూటర్ గిట్లనే అడుగుతది. యస్ కొట్టాలె, గంతే."

కొట్టాడు. కాసేపటికి తెరిచి చూస్తే ఫ్లాపీ ఖాళీ... ఒక్క అక్షరం లేదు. అక్క ముఖం పాలిపోయింది. అన్న ముఖం కూడా. ఫ్లాపీ బయటికి తీసి అటూ ఇటూ తిప్పాడు. బొట్టు కనిపించింది. అంతే, ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"ఏం పని చేసినవ్ చిన్నమ్మా? నీ కుంకుమ లోపటికి పోయింది. ఖతం!"

అమ్మ పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అయ్యో... నాకేం ఎరుక నాయనా..."

"తెల్వని దాన్ని ఎందుకు ముట్టుకున్నవే అమ్మా!" అని అక్క అందరి ముందూ అరిచింది. అమ్మను అక్క అలా అనడం నేను వినడం అదే మొదటిసారి.

నేను నోరు విప్పలేదు. విప్పితే రేపటి నుంచి అన్న నన్ను గేమ్ ఆడుకోనివ్వడని భయం. నిజంగా అంతే. ఛీ... నా బతుకు.

ఆబిడ్స్ ఉద్యోగం ఇంకెవరికో పోయింది. అక్క మళ్లీ మొదటి నుంచి చేసుకుని, మరుసటేడు వేరే చోట చేరింది. అక్క ఆ సంగతి మర్చిపోయింది. అమ్మ మర్చిపోలేదు. ఆ తర్వాత దసరాకే కాదు, మామూలు రోజుల్లో కూడా ఇంట్లో కరెంటు తీగ ఉన్న వస్తువు దగ్గరికే వెళ్లేది కాదు. టీవీ రిమోట్ కూడా ఎవరైనా నొక్కి పెట్టాల్సిందే.

చాలా ఏళ్లకు, నేనూ కంప్యూటర్లతోనే పొట్ట పోసుకుంటున్న రోజుల్లో, ఇంటికి సున్నాలు వేస్తుంటే పాత ట్రంకుపెట్టెలో ఆ ఫ్లాపీ దొరికింది. బొట్టు మరక కాగితం మీదే ఉంది. రేకు జరిపి చూశాను. లోపల కుంకుమ రవ్వంత లేదు. నల్ల చక్రం మీద మాత్రం జిడ్డు... నూనె జిడ్డు. ఆ ప్రొఫెసరుగారు తన మిషన్ సందులో వేసిన రెండు చుక్కలు! దాంతో మిషన్ చదవలేకపోయింది, తుడిచేయనా అని అడిగింది, ఈయన తుడిచేయమన్నాడు.

పరుగెత్తుకెళ్లి అమ్మకు చెప్పాను. ఆ రోజు నేను చదివిన మాటతో సహా అంతా చెప్పాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను.

అమ్మ ఫ్లాపీని చేతిలోకి తీసుకోలేదు. దూరం నుంచే చూసింది.

"గప్పుడే ఎందుకు చెప్పకపోతివి బిడ్డా?" అంది.

శ్రీశైలం అన్న ఇప్పుడు మా గల్లీ వాట్సాప్ గ్రూపులో ఉన్నాడు. 'మీ ఫోన్ స్లో అయిందా? ఈ మూడు సెట్టింగులు మార్చండి' అని పొద్దున్నే పంపుతాడు. కింద నలభై దండాల బొమ్మలు. అప్పుడు ఒక గల్లీనే చెడగొట్టేవాడు, ఇప్పుడు ఫార్వర్డులతో ఊరంతా... మనం మాత్రం అలాగే ఉన్నాం.

అమ్మకు మంచి ఫోన్ కొనిచ్చాను. మోగితే కొంగుతో పట్టుకుని నా దగ్గరికి తెస్తుంది. "నేను ఒత్తితే ఏమన్న అయితదా?" అని ఇప్పటికీ అడుగుతుంది.

మీ గల్లీలోనూ ఇలాంటి మేధావి ఒకడు ఉండే ఉంటాడు. అతని మాట నమ్మి ఇంట్లో ఎవరిని తప్పుపట్టారో గుర్తుంటే కింద రాయండి... కానీ ముందు 'తప్పు నీది కాదు' అని వాళ్లకు చెప్పి వచ్చి రాయండి.