ఒకటో నంబరు గదిలో మరమ్మతు

లాడ్జి గదిని ఆన్‌లైన్ అమ్మకం నుంచి తప్పించాలంటే బుకింగ్ క్యాలెండరు తెర కారణం అడుగుతుంది. కారణాలను కూడా అదే ఇస్తుంది: మరమ్మతు, యజమాని సొంత వాడకం, ఇతరం. మూడింటిలో ఒకటి నొక్కితే తప్ప గది మూతపడదు. మొదట్లో ఆ ఏర్పాటు నాకు చాలా నచ్చింది. కారణం చెప్పకుండా ఏ పనీ చేయకూడదన్నది నా పట్టుదల కూడా.

మాది వరంగల్ స్టేషన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో పన్నెండు గదుల లాడ్జి. తాత కట్టించాడు, బాపు నడుపుతున్నాడు. కింద కౌంటరు, దాని పక్కనే ఒకటో నంబరు గది. మిగిలిన పదకొండూ పై రెండు అంతస్తుల్లో ఉన్నాయి. లిఫ్టు లేదు. డిగ్రీ చదివిన మూడేళ్లూ నేను కాలేజీ డిబేట్ జట్టులో ఉన్నాను. ప్రతి మాటకూ ఆధారం, ప్రతి అలవాటుకూ హేతువు అడగడం అక్కడే నేర్చుకున్నాను. ఇంట్లో ఆ విద్యకు పెద్ద గౌరవం దక్కలేదు. చాయ్‌లో చక్కెర ఎందుకు తగ్గిందని అడిగినా బాపు, "అగో, మా వకీలమ్మ కేసు ఏసింది" అనేవాడు.

లాడ్జిని ఆన్‌లైన్‌లో పెట్టమని బాపును ఒప్పించింది నేనే. అప్పటికే రైలు దిగినవాళ్లు బోర్డులు చదవడం మానేశారు. చేతిలోని ఫోన్లు చూసుకుంటూ మా సందు దాటి వెళ్లిపోయేవారు. మూడు బుకింగ్ యాప్‌లలో మా పేరు నమోదు చేసి, మూడింటినీ ఒకే క్యాలెండరుకు కలిపాను. ఒకచోట అమ్ముడైన గది మిగతా రెండుచోట్లా వెంటనే మూతపడాలి, లేకపోతే ఒకే గదికి ఇద్దరు అతిథులు వచ్చి నిలబడతారు. ఫోటోలు తీశాను, వివరాలు రాశాను. గదుల సంఖ్య దగ్గర ఆగాం.

"పదకొండే పెట్టు బిడ్డా," అన్నాడు బాపు.

"పన్నెండు ఉన్నయి కద?"

"ఒకటో నంబర్ల నల్లా ఖరాబుంది."

నేను లేచి వెళ్లి ఆ నల్లా తిప్పాను. ధర్మసాగర్ చెరువు నీళ్లు ధారగా పడ్డాయి. తడి చేయి చూపిస్తూ తిరిగి వస్తే, గదులు శుభ్రం చేసే అత్త మెట్ల మీద చీపురు ఆపి నవ్వింది. ఆమె మా బంధువు కాదు. చిన్నప్పటి నుంచి అత్తా అనే పిలుస్తాను. "ఆ నల్లా ఐదేండ్ల సంది ఖరాబే బిడ్డా. మీ బాపు మాటల్ల ఖరాబు, నీళ్లు మంచిగనే వస్తయి," అంది.

అప్పుడు బాపు అసలు సంగతి చెప్పాడు. పెద్ద దవాఖానకు వచ్చేవాళ్లలో మెట్లెక్కలేనివాళ్లు ఉంటారు. వాళ్లు ముందుగా ఏ గదీ మాట్లాడుకొని రారు. అందుకని ఒకటో నంబరు గదిని ఎవరు అడిగినా నల్లా పాడైందని చెప్పి, వాళ్ల కోసం ఉంచుతాడు. కొన్ని నెలలుగా ఏటూరునాగారం అవతలి పల్లె నుంచి ఒక పెద్దయ్య మూడు వారాలకోసారి భార్యను తీసుకొస్తున్నాడు. ఆమెకు క్యాన్సర్. పొద్దున బస్సుకు వచ్చి, దవాఖానలో మందెక్కించుకొని, ఆ రాత్రి ఇక్కడ పడుకొని మర్నాడు వెళతారు.

"మందెక్కినంక మూడు గంటలు బస్సుల కూసోలేదు ఆమె. ఒకటే వాంతులైతయి," అన్నాడు బాపు.

నేను ఒప్పుకోలేదు. బాగున్న నల్లాను పాడైందనడం అబద్ధమన్నాను. సాయం చేయదలిస్తే అందరికీ తెలిసే నియమం మీద చేయాలి గానీ ఒక మనిషి ఇష్టాయిష్టాల మీద కాదన్నాను. వాళ్లు ముందు రోజు ఒక్క ఫోన్ చేస్తే చాలు, ఆ తేదీకి గదిని నేనే మూసేస్తానన్నాను. బాపు రిజిస్టరు మూసేశాడు. "మాటల్ల నీతోని ఎవలు గెలుస్తరు? పెట్టు," అన్నాడు. ఆ మాటను నేను అంగీకారంగా లెక్క వేసుకున్నాను.

ఒకటో నంబరు ఫోటో కోసం మంచం కింద ఆ దంపతులు దాచుకున్న చాపను, చిన్న గిన్నెను కాసేపు బయట పెట్టి, మళ్లీ లోపల పెట్టాను. వివరాల్లో "మెట్లు ఎక్కనవసరం లేదు" అని రాశాను. ఆ ఒక్క వాక్యం వల్ల అన్నిటికంటే ముందు అదే అమ్ముడయ్యేది.

వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు కాగితం మీద నా నంబరు పెద్ద అంకెలతో రాసిచ్చాను. "బయలెల్లే ముందు రోజు ఫోన్ చెయ్యి పెద్దనాయినా. మర్చిపోవద్దు."

"చేస్త బిడ్డా," అని ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

తలకు కండువా కట్టుకొని మంచం మీద పడుకున్న పెద్దమ్మ నవ్వింది. "ఫోన్ జేసి వచ్చేటంత పెద్దోళ్లమైనమా మనం? ఇగ నువ్వు కోటు కుట్టిచ్చుకో," అంది భర్తతో.

రెండుసార్లు ఆ పద్ధతి సరిగ్గా నడిచింది. ఫోన్ మోగింది, ఎత్తాను, గది మూసేశాను. కారణం దగ్గర "ఇతరం" నొక్కి, కింద గడిలో "రోగి కోసం" అని రాశాను. నిజం రాసినందుకు కలిగిన తృప్తి ఇప్పటికీ గుర్తుంది, అది గుర్తున్నందుకు సిగ్గుగానూ ఉంది.

మూడోసారి దవాఖానవాళ్లు, రక్తం తక్కువగా ఉంది, వారం ఆగి రమ్మన్నారట; ఆ తేదీ మాకు తెలియదు. ఆ వారం పెళ్లి లగ్గాలు మొదలయ్యాయి. వాళ్లు రావలసిన ముందు రోజు నేను కాలేజీలో జూనియర్ల డిబేట్‌కు న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. ఫోన్ సైలెంట్‌లో ఉంది. సాయంత్రం చూసుకుంటే తెలియని నంబరు నుంచి ఒక మిస్డ్ కాల్ కనిపించింది. పెద్దయ్య నంబరును నేను సేవ్ చేసుకోలేదు. తిరిగి చేయనూ లేదు. అవసరమున్నవాళ్లు మళ్లీ చేస్తారనుకున్నాను.

అదే సాయంత్రం ఒకటో నంబరు గది అమ్ముడైంది. దానితో పన్నెండూ నిండి, మూడు యాప్‌లలోనూ "గదులు లేవు" అని వచ్చింది. మా లాడ్జి మొత్తం నిండడం అదే మొదటిసారి. బాపుకు చూపించాను.

"ఒకటి గూడనా?" అన్నాడు. "వాళ్లు ఫోన్ జెయ్యలేదా?"

"లేదు బాపూ."

నా మాట నమ్మాడు.

మర్నాడు బాపు హనుమకొండలో బంధువుల లగ్గానికి వెళ్లాడు. సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో సందు మొదట ఆటో ఆగింది. పెద్దమ్మ భర్త భుజం పట్టుకొని, రెండడుగులకోసారి ఆగుతూ నడిచి వచ్చింది. చేతికి సూది గుచ్చిన చోట దూది ఇంకా అంటుకొనే ఉంది. ఒకటో నంబరు తలుపు తెరిచి ఉంది. మంచం మీద ఒక ముసలావిడ మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. లగ్గానికి వచ్చిన కుటుంబం ఆమె మెట్లెక్కలేదనే ఆ గదిని ఎంచుకుంది. నేను రాసిన వాక్యం చదివే.

"ఫోన్ చెయ్యలేదేంది పెద్దనాయినా?" అన్నాను. నా గొంతులో నాకే నచ్చని గట్టితనం ఉంది.

"మిస్డ్ కాల్ ఇచ్చిన కద బిడ్డా," అన్నాడాయన నెమ్మదిగా. "మా దిక్కు గంతే. ఒక్క రింగిస్తే వస్తాన్నమని. ఎత్తుడెందుకు?"

మొదటి రెండుసార్లూ ఆయన మిస్డ్ కాలే ఇవ్వబోయాడని, ఆయన కోసేలోగా నేను ఎత్తేశానని అప్పుడు అర్థమైంది.

పెద్దమ్మ కౌంటరు ముందు కుర్చీలో కూర్చొని తలను గోడకు ఆనించింది. "పైన గూడ లేదా బిడ్డా? ఎట్లనో కూసుంట లేసుకుంట ఎక్కుత," అంది.

పైన కూడా లేదు. నేను ఫోన్ తీసి, మా గదులు అమ్మే ఆ యాప్‌లలోనే చుట్టుపక్కల లాడ్జీలు వెతకడం మొదలుపెట్టాను. కొన్ని నిండిపోయాయి. ఒకచోట మూడో అంతస్తు. ఇంకోచోట ఇద్దరి గుర్తింపు కార్డులూ కావాలన్నారు, ఆమె కార్డు ఊళ్లో ఉంది. బాపుకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. లగ్గం బాజాల్లో ఆయనకు వినపడలేదు.

అత్త బకెట్ కింద పెట్టి వచ్చింది. "మా ఇంటికి రాండ్రి. ఇరుకే గాని, కింది అర్రే," అంది.

అత్త నోట ఆ మాట వచ్చేదాకా నాకు మా ఇల్లు గుర్తే రాలేదు. అదీ కింది అంతస్తే. నాకు తట్టినవన్నీ తెర మీది గదులే.

"మా ఇంటికి పోదాం పెద్దనాయినా," అన్నాను.

అప్పటికే ఆయన సంచీ భుజానికి వేసుకున్నాడు. "వద్దు బిడ్డా, మిమ్ముల తిప్పలు పెట్టుడెందుకు? లెవ్వే, ఐదింటి బస్సు దొరుకతది."

పెద్దమ్మ లేస్తూ నా చెంప తాకింది. "నీ మొకమెందుకు గట్ల పెట్టినవ్? జర నవ్వు," అంది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి.

అరగంటకు బాపు వచ్చాడు. విని, హెల్మెట్ తీయకుండానే బండి తిప్పి హనుమకొండ బస్టాండుకు వెళ్లాడు. బస్సు వెళ్లిపోయింది. తిరిగి వచ్చి కౌంటరు వెనక కూర్చున్నాడు. నన్ను తిట్టి ఉంటే జవాబు చెప్పేదాన్నేమో. అదృష్టవశాత్తూ ఆ అవకాశం ఇవ్వలేదు.

మూడు వారాలకు, ఎవరూ ఫోన్ చేయకపోయినా, ఒకటో నంబరు గదిని ఖాళీగా ఉంచాం. ఆ రోజే కాదు, అటూ ఇటూ రెండేసి రోజులు కూడా. ఎవరూ రాలేదు. పెద్దయ్య నంబరుకు చేస్తే స్విచ్ఛాఫ్ అని వచ్చింది.

మరికొన్ని వారాలకు ఆయన ఒక్కడే వచ్చాడు. బాపు కుర్చీ జరిపాడు. అత్త మంచినీళ్లు తెచ్చింది.

"పోయి పదిహేను రోజులాయె," అన్నాడాయన. "గిన్నె తీస్కపోదామని వచ్చిన. ఆమెది."

"మందు ఆపిన్రా?" అన్నాను నేను. అలాంటప్పుడు కూడా నాకు ప్రశ్నే వచ్చింది.

"ఆ దినం బస్సుల ములుగు దాటేదాక వాంతులే. ఇంటికి పోయినంక, ఇగ నేను రాను, ఏమైనా ఇంట్లనే అన్నది. ఇంక రెండుసార్లే ఉండె మందు." నా వైపు చూసి ఆగాడు. "ఆ రెండు ఎక్కిచ్చినా ఉంటుండెనో లేదో. డాక్టర్ గూడ చెప్పలే. నువ్వు మనసుల పెట్టుకోకు బిడ్డా."

డిబేట్‌లో ఇలాంటి విషయం వస్తే ఏ పక్షమైనా తీసుకొని గెలవగలను. ఆ రెండు మందులు ఆమెను నిలబెట్టేవని రుజువు లేదు. నిలబెట్టేవి కావనీ రుజువు లేదు. ఈ రెండు వాక్యాలనూ నేను చాలాసార్లు నాలో నేను అనుకున్నాను. ఒకటి అనుకున్న ప్రతిసారీ రెండోది దాని వెనకే వస్తుంది.

పెద్దయ్య మంచం కింద నుంచి గిన్నె తీసి కండువాలో చుట్టుకున్నాడు. చాప తీయలేదు. "ఉండనియ్యి. ఎవలన్న వస్తరు," అన్నాడు.

ఆయన వెళ్లాక నేను క్యాలెండరు తెరిచాను. ఒకటో నంబరును ఒక్క తేదీకి కాదు, పూర్తిగా మూసేయాలి. "ఇతరం" నొక్కితే వివరం అడిగింది. గడిలో "రోగి కోసం" అని రాసి చెరిపేశాను. చివరికి వెనక్కి వచ్చి "మరమ్మతు" నొక్కాను. ఎప్పటికి పూర్తవుతుందో తేదీ కావాలంది. ఖాళీగా వదిలితే ఒప్పుకోదు. నెలాఖరు వేశాను. అప్పటి నుంచి ప్రతి నెలాఖరుకూ ఆ తేదీని జరుపుతున్నాను. ఈమధ్య గదిలో ఎక్కువ రోజులు ఎవరో ఒకరు ఉంటున్నారు. డోర్నకల్ వైపు నుంచి కాలు తీసేసిన ఒకాయన, చంటిబిడ్డతో ఒక తల్లి. వాళ్లెవరూ ముందుగా ఫోన్ చేయలేదు.

మొన్న యాప్ కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. మర్యాదగా, కాగితం మీద ఉన్నది చదువుతున్నట్టు మాట్లాడింది. "మేడమ్, మీ గ్రౌండ్ ఫ్లోర్ గదికి చాలా డిమాండ్ ఉంది. చాలా నెలల నుంచి రిపేర్ అని చూపిస్తోంది. ఇంకా అవలేదా?"

"కాలేదు."

"సమస్య ఏంటో చెప్తారా మేడమ్? రికార్డులో రాయాలి."

కౌంటరులో బాపు రిజిస్టరు మీద నుంచి తలెత్తాడు.

"నల్లా ఖరాబుంది," అన్నాను.