రుహారాను చూడబోయిన ప్రోవియా

ప్రోవియా అడవికి వెళుతుందంటే మా కొండ మీద మూడు వారాలు అదే కబురు. నవ్వుకున్నవాళ్ళే ఎక్కువ. అడవి ఏమన్నా సముద్రాల అవతల ఉందా? ఆమె బంగాళాదుంపల మడి చివర నిలబడి గులకరాయి విసిరితే ఆ బ్విండి అడవి చెట్ల మధ్య పడుతుంది. చిన్నప్పుడు పుల్లల కోసం అందరితోపాటు తనూ ఆ చెట్ల కిందకు వెళ్ళి వచ్చినదే. తర్వాత అది నేషనల్ పార్కు అయింది. అంచున గీత గీసి, టికెట్టు లేనిదే దాటకూడదన్నారు. దేశదేశాల వాళ్ళు విమానాలెక్కి వచ్చి చూసి పోతున్నారు. ప్రోవియాకు యాభై ఆరేళ్ళు నిండాయి, గీత దాటి పాతికేళ్ళు పైనే అయింది.

ఆమె మొగుడు కరెగేసా మాత్రం రోజూ దాటేవాడు. ఒకప్పుడు అదే అడవిలో రంపం పట్టి దుంగలు కోసిన మనిషి. పార్కు వచ్చి రంపం మూలబడ్డాక గొరిల్లాల జాడ తీసే ట్రాకరు పనిలో చేరాడు. తెల్లవారకుండా వెళ్ళి, నిన్న అవి ఎక్కడ పడుకున్నాయో చూసి, విరిగిన కొమ్మల వెంట, పేడ వెంట నడిచి గుంపును కనిపెట్టాలి. టూరిస్టులు వచ్చేదాకా దాన్ని విడవకూడదు. ఇరవై రెండేళ్ళు ఒకటే గుంపు. దాని పెద్ద రుహారా, నుదుటి మీద వెంట్రుకలు ఊడి, వీపు వెండిరంగుకు తిరిగిన మగ గొరిల్లా. రుహారా అంటే మా మాటలో బట్టతల.

"నీ సవతి కులాసాయేనా?" అని ఆడవాళ్ళు ప్రోవియాను ఏడిపించేవారు.

"సవతే అయితే జుట్టు పట్టుకు ఈడ్చేదాన్ని. దానికి నెత్తిన జుట్టు కూడా లేదాయె!" అనేది ఆమె. పైకి నవ్వేది గానీ లోపల మండేది. మండదా మరి? పెద్ద కూతురి పెళ్ళిలో విందు నడుస్తుండగా, రుహారా చేతికి దెబ్బ తగిలిందని కబురొస్తే, కరెగేసా కోటు విప్పి పెళ్ళాం చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. పోనీ, ఇంటికొచ్చి అక్కడి ముచ్చట్లు చెబుతాడా అంటే అదీ లేదు. "ఎలా ఉన్నాయి?" అంటే "బాగున్నాయి" అనేవాడు. తిని పడుకునేవాడు.

మూడేళ్ళ కిందట గుండెలో నొప్పని అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఏడ్చి ఏడ్చి కాస్త తేరుకున్నాక ప్రోవియాకు ఒక సంగతి తట్టింది. తనతో ముగ్గురు పిల్లల్ని కన్న మగవాడి పగళ్ళు తనకు తెలియవు. అన్నేళ్ళు ఆయన కళ్ళు దేన్ని చూశాయో దాన్ని ఒక్కసారి తనూ చూస్తే, తెలియని ఆ సగం మనిషి కూడా తనకు దక్కుతాడనిపించింది. ఆ ఆశ ఇక వదల్లేదు. కలుపు తీస్తూ తల ఎత్తితే ఎదురుగా అడవే. ఎంత దగ్గరగా ఉంటే అంత గుంజేది.

కరెగేసా దగ్గర పని నేర్చుకున్న సబీతి ఇప్పుడు ఆ గుంపుకు ట్రాకరు. అతనికి ఆమె ఒకటే మాట చెప్పి చెప్పి విసిగించింది. ఏప్రిల్ వానల్లో ఒకనాడు అతను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, ఇరవై ఏడో తారీఖు ఖాళీ పెట్టుకో. వానలకి టూరిస్టులు లేరు, ఒక చోటు మిగిలింది. నేను ఆఫీసులో పెద్దాయన కాళ్ళావేళ్ళా పడితే, కరెగేసా పెళ్ళామా, సరేలే అన్నాడు."

ప్రోవియా చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

"ఒకటి విను. రుహారా ముసలాడయిపోయాడు. కుర్ర మగాడొకడు మీదికొస్తున్నాడు. వచ్చే వానల దాకా ఉంటాడని నేను చెప్పలేను. ఇంకోటి, దగ్గావో గేటు దగ్గరే ఆపేస్తారు. జలుబున్నా అంతే. మన జబ్బు వాటికంటితే గుంపుకు గుంపే పోతుంది."

అతని మాట పూర్తికాకుండానే ప్రోవియా దగ్గింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అది నలభై ఏళ్ళ కట్టెల పొయ్యి ఇచ్చిన దగ్గు. మర్నాడే ఆమె కొండ దిగి నర్సుకు చూపించుకుంది. "పొగ దగ్గమ్మా, ఎవరికీ అంటదు. కానీ గేటు దగ్గర వాళ్ళకేం తెలుసు? ఈ మూడు వారాలూ పొయ్యి మొహం చూడకు" అంది నర్సు. దాంతో వంట ఆడబిడ్డ పెలూసి చేతికి వెళ్ళింది. పెలూసి వండిన చిక్కుడు గింజలు నమిలితే దవడలు నొప్పులు. అయినా ప్రోవియా కిక్కురుమనలేదు. పొద్దున తేనె, రాత్రి తేనె, మధ్యలో గోరువెచ్చని జొన్నంబలి.

మిగతా ఏర్పాట్లూ పెళ్ళి పనుల్లా సాగాయి. కరెగేసా రబ్బరు బూట్లు దించి, తన కాలికి పెద్దవయితే అరటి నార కూరింది. దురదగొండి ఆకులకు చేతి తొడుగులు అడిగి తెచ్చుకుంది. మేకల్ని ఎవరు తోలాలో, వాన ముంచుకొస్తే విత్తనపు దుంపల్ని ఎవరు లోపల వేయాలో రోజుకో మారు చెప్పేది. చీమలు పైకి పాకకుండా ప్యాంటు వేసుకుని మేజోళ్ళలో దోపుకోవాలని సబీతి అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ప్యాంటు వేసుకోని మనిషి కొడుకు ప్యాంటు తొడుక్కుని వాకిట్లో నడిచి చూసుకుంది.

పెలూసి పడీపడీ నవ్వింది. "మా అన్న చూస్తే మళ్ళీ చచ్చిపోయేవాడు వదినా!"

"మీ అన్న నన్నెప్పుడు చూశాడే? ఆ బట్టతలవాణ్ణి చూడ్డానికే ఆయన కళ్ళు చాలేవి కావు."

"మరి నువ్వెందుకు వెళుతున్నావు? వాడితో తగువాడ్డానికా?"

"ఏమోనే" అంది ప్రోవియా. "చూడాలనుంది. అంతే, చూడాలనుంది."

పెలూసి నవ్వు ఆపేసి, వదిన ప్యాంటు అంచు మడిచి పెట్టింది.

దగ్గు నిజంగానే తగ్గింది. ప్రయాణానికి మూడు రోజుల ముందు పెద్ద కూతురు చంటిదాన్ని తీసుకుని వచ్చింది. చంటిదానికి ముక్కు కారుతోంది. మనవరాల్ని ఎత్తుకోని అమ్మమ్మ ఉంటుందా? ఒళ్ళో వేసుకుని నిద్రపుచ్చింది.

ఇరవై ఏడో తారీఖు పొద్దున లేచేసరికి ఆమెకు ముక్కులో సన్నగా మంట. ఇది పొగది కాదని ఆమెకు తెలుసు. మరెవరికీ తెలియదు. ముఖం చన్నీళ్ళతో కడుక్కుని, బూట్లు తొడుక్కుని బయల్దేరింది.

గేటు దగ్గర ఏడుగురు టూరిస్టుల పక్కన ఎనిమిదో మనిషిగా నిలబడింది. గైడు అందరినీ కలియజూశాడు. "ఎవరికైనా జలుబు, దగ్గు, జ్వరం ఉంటే ఇప్పుడే చెప్పండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు."

"నీకు?" అని ప్రోవియాను మా భాషలో విడిగా అడిగాడు.

"లేదు" అంది. ఆమె అబద్ధం ఆడి చాలా ఏళ్ళయింది. చెవులు వేడెక్కాయి.

రెండున్నర గంటలు ఎక్కీ దిగీ నడిచారు. బురదలో టూరిస్టులు జారి పడుతుంటే ప్రోవియా ఒక్కతే నిటారుగా నడిచింది. ఈ రాయి మీద ఆయన కాలు పెట్టి ఉంటాడు, ఈ వాగులో ముఖం కడుక్కుని ఉంటాడు అనుకుంటుంటే ఆమెకు పెళ్ళికూతురిలా గుండె కొట్టుకుంది. మధ్యలో రెండుసార్లు చేతి గుడ్డలో తుమ్మింది. వాన చలికి అనుకున్నారు వెనకవాళ్ళు.

ఒక పెద్ద చెట్టు దగ్గర సబీతి ఎదురొచ్చాడు. సంచులూ కర్రలూ వెంట వచ్చిన కూలీల దగ్గర వదలమన్నాడు గైడు. ఇక్కడి నుంచి చప్పుడు చేయకూడదు, గుంపు ఈ పొదల అవతలే ఉంది. సబీతి ముఖం వెలిగిపోతోంది. "రా వదినా, కాళ్ళు బారజాపుకుని ఆకులు తింటున్నాడు. నీకోసమే కూర్చున్నట్టున్నాడు."

ప్రోవియా ఒక అడుగు వేసి ఆగిపోయింది. కరెగేసాకు జలుబు చేస్తే వారం రోజులు ఇంట్లోనే ఉండేవాడు. పిలిచినా వెళ్ళేవాడు కాదు, మడి చివర కూర్చుని అడవికేసి చూసేవాడు. ఆయన జలుబు రోజులంటే ఆమెకు పండగ. మొగుడు పగలంతా కళ్ళ ముందు ఉండేది అప్పుడే. తగ్గకూడదని దేవుణ్ణి కూడా కోరింది, పాపిష్టిది. అంత జాగ్రత్తగా ఆయన కాపాడిన గుంపులోకి ఇప్పుడు తను ఈ ముక్కుతో వెళ్ళాలా?

"సబీతీ" అంది. "నాకు జలుబు చేసింది. పొద్దుటి నుంచీ ఉంది. నేను రాను."

"వదినా! ఇంత దూరం వచ్చి..."

"రానన్నానా! వాళ్ళని తీసుకుపొమ్మను."

ఇంకో ట్రాకరు మిగతావాళ్ళను తీసుకుపోయాడు. సబీతి ఆమెను ఇంకా వెనక్కి, గాలి అటు పోని చోటికి తీసుకెళ్ళి దుంగ మీద కూర్చోబెట్టి తనూ ఉండిపోయాడు. ఆమె గుడ్డతో ముక్కూ నోరూ కట్టుకుని, చప్పుడు కాకుండా ఏడ్చింది. మూడేళ్ళ ఆశ. నూటయాభై అడుగుల అవతల ఉన్నాడు వాడు.

కాసేపటికి ఎదుటి వెదురు పొద కదిలింది. ఏదో పెద్దది కొమ్మలు విరుచుకుంటూ ఇటే మేస్తూ వస్తోంది. ఆకులు తప్ప ఏమీ కనబడలేదు. సబీతి ఆమె భుజం నొక్కి, గొంతు లోతుల్లోంచి బరువుగా రెండుసార్లు గురగురమన్నాడు. గొంతు సవరించుకున్నట్టుంది అది. పొద ఆగింది. ఆకుల వెనక నుంచి అదే చప్పుడు, అంతకు పదింతలు లోతుగా, రెండుసార్లు వచ్చింది. తర్వాత కొమ్మలు అవతలికి కదిలాయి.

ప్రోవియా అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఏమిటది? ఇందాక నువ్వు చేసిన చప్పుడు?"

"అదా? మేమందరం చేస్తాం వదినా. దగ్గరికొచ్చామంటే ముందు ఆ మాటే. నేనే, ఇక్కడే ఉన్నా, భయపడకు అని. నాకు అన్నే నేర్పాడు."

ఇరవై రెండేళ్ళు, ప్రతి సాయంత్రం, ఇంటి కంచె దగ్గర ఆగి తలుపు మీద చెయ్యి వేసే ముందు కరెగేసా చేసిన చప్పుడు అదే. రెండుసార్లు. ఒక్క రోజు తప్పలేదు.

"అవతలివాళ్ళేం చేయాలి?" అని అడిగింది ప్రోవియా.

"ఏం చేస్తారు, అదే తిరిగి అంటారు. అనేదాకా మనం అంటూనే ఉంటాం."

ప్రోవియా ముఖానికి కట్టుకున్న గుడ్డ తడిసిపోయింది.

"నేను అడవి చెమ్మకు ఆయన గొంతు పట్టేసిందనుకున్నాను సబీతీ" అంది. "రోజూ అల్లం నీళ్ళు ఇచ్చాను."