హూ, హూజ్, మిరప కల్లం

1984 మార్చి 6, మంగళవారం, ఉదయం పదీ ఇరవైకి ఇన్‌స్పెక్టర్‌గారు మా బడి వరండాలో కాలు పెట్టారు. (డైరీలో ఉంది, జ్ఞాపకం మీద వదిలేసే అలవాటు నాకు లేదు.) ఆ రోజుల్లో దర్శి చుట్టుపక్కల పల్లెల్లో ఇంగ్లీషు చెప్పే పంతులమ్మ అంటే సగం గౌరవం, సగం వింత. నాకు ఇరవై రెండేళ్ళు, ఉద్యోగం తాత్కాలికం. ఆయన బాగుందని రాస్తే జూన్‌లో మళ్ళీ బడికి రావచ్చు. లేదంటే పొన్నూరులో అక్క ఇంట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళేరుకోవాలి. చేట సిద్ధంగా ఉందని అక్క అప్పటికే ఉత్తరం రాసింది.

ఆరో తరగతి హాజరుపట్టీలో పేర్లు ముప్పై ఒకటి. మిరపకోతల రోజులు కాబట్టి వచ్చేది పద్నాలుగు మంది. మనిషి ఎవరో తెలియాలంటే హూ, వస్తువు ఎవరిదో తేలాలంటే హూజ్, ఉన్నవాటిలో ఏదో చెప్పాలంటే విచ్ అని పన్నెండు రోజులు నూరిపోశాను. ఇన్‌స్పెక్టర్లు ఎప్పుడూ "హూజ్ బుక్ ఈజ్ దిస్?" అనే అడుగుతారని పెద్దమాస్టారు భరోసా ఇచ్చారు గనుక జవాబులన్నీ వల్లె వేయించాను. తీరా ఆయన కుర్చీలో కూర్చుని, "జవాబులు చాలా బళ్ళలో విన్నాను. మీరే నన్ను ప్రశ్నలడగండి," అన్నారు.

ముందు బల్లలో ఉన్న తూనీగ (ఒక్కచోట నిలవదని మేం పెట్టుకున్న పేరు) అన్నిట్లోనూ ఫస్టు. వంగి దాన్ని బతిమాలాను. "అంత పెద్దాయన్ని పట్టుకుని నువ్వెవరని అడుగుతారాండీ టీచర్? మా నానకి తెలిస్తే ఊరుకోడు," అని గొణిగింది. నిజమే, ఆ ఊళ్ళో పెద్దమనిషి వస్తే ముందు మంచినీళ్ళిచ్చి కూర్చోబెడతారు గానీ, ఎవరని మొహాన అడగరు. పన్నెండు రోజుల్లో ఒక్కసారైనా ఆ సంగతి నాకు తట్టలేదు. ఆయన కలం మూత తీశారు. నాకు అక్క ఇంట్లో చేట కనిపించింది.

పదీ యాభైకి రేకుల మీద టప్‌మని చినుకు పడింది. పద్నాలుగు మందీ ఒక్కసారే లేచారు. బడి వెనకే కల్లం, కల్లం నిండా ఎండబోసిన మిరపకాయ. తడిసిందా, ఏడాది కష్టం రంగు మారిపోతుంది. నా అనుమతి ఎవరూ అడగలేదు. చంకలో హాజరుపట్టీతోనే నేనూ పరిగెత్తాను. వెనక్కి చూస్తే ప్యాంటు మడుచుకుని ఇన్‌స్పెక్టర్‌గారు కూడా వస్తున్నారు.

కల్లంలో దిగినవాడు పనివాడే, హోదా గట్టు మీదే ఉండిపోతుంది. ఆయన టార్పాలిన్ పట్టా అంచు అందుకున్నారో లేదో తూనీగ గొంతు లేచింది. "హూజ్ పట్టా ఇది? ఆ మూల హూ పట్టుకుంటారు? సార్, విచ్ మూల మీది?" మిగతా పదమూడు మందీ అందుకున్నారు. ఆయన "దిస్ వన్, దిస్ వన్" అంటూ లాగుతున్నారు. నేను ఉన్నచోటే నిలబడిపోయి ప్రశ్నలు వేళ్ళ మీద లెక్కపెట్టాను: పంతొమ్మిది. (తెలుగు కలిస్తే కలిసింది, ఏ మాట ఎక్కడ పడాలో అక్కడే పడింది.)

"హూ అండీ ఆ కాయల్ని తొక్కేది?" అంది తూనీగ.

"నేనేనమ్మా," అన్నారు ఇన్‌స్పెక్టర్‌గారు.

"అయితే పక్కకి జరగండి సార్."

ఆయన జరిగారు. జరిగి, ఆ మిరప చేత్తోనే మొహం తుడుచుకున్నారు.

నాలుగు చెంబుల నీళ్ళయ్యాక, ఒక కన్ను మూసుకుని, వంకర అక్షరాలతో రిపోర్టు రాశారు: "పిల్లలు పై అధికారిని సైతం జంకు లేకుండా ప్రశ్నిస్తున్నారు. టీచరును కొనసాగించవచ్చు."

తర్వాత ముప్పై ఆరేళ్ళు పాఠాలు చెప్పాను. డైరీలో ఆ పేజీ తీసినప్పుడల్లా, ఊరంతా కాయను కాపాడుకుంటుంటే నడిమధ్యన నిలబడి వేళ్ళు మడుస్తున్న ఆ చిన్న పంతులమ్మను చూసి నవ్వొస్తుంది. ఒక్క మూలైనా పట్టుకోలేదు మహాతల్లి.

ఆనాటి నష్టం: తడిసిన కాయ రెండు బస్తాలు, ఇన్‌స్పెక్టర్‌గారి చేతిరుమాలు ఒకటి, హాజరుపట్టీలో రెండు పేజీలు, నా ఎడమకాలి చెప్పు.