కాలానికో అర్ర

"దేవుని అర్ర కాడికి రాంగనే నోరెందుకు మూస్తవ్ పిల్లా?"

మా అత్తమ్మ ఈ మాట అడిగిన పొద్దు నేను గద్వాలలో మా ఇంటి నడిమింట్లో కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాను. ఆమె చాటలో ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. తల ఎత్తలేదు. ఎన్నాళ్ళుగానో కడుపులో పెట్టుకున్న ప్రశ్నను తొడిమ తీసినంత తేలిగ్గా తీసి నా ముందర పడేసింది.

దీనికి జవాబు చెప్పాలంటే వనపర్తి టీచరమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. అత్తమ్మకు అంత ఓపిక ఉందనిపించలేదు. "ఏం లేదత్తమ్మా, చదువుకుంటున్న" అన్నాను. ఆమె "ఊ" అంది. ఆ ఊ కొట్టడంలో నమ్మకం ఇసుమంతైనా లేదు.

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాను. చిన్నప్పుడు గుండె జబ్బు. పరుగెత్తొద్దు, ఎండలో తిరగొద్దు అన్నారు దవాఖానలో. వడ్డేపల్లి దగ్గర మా ఊళ్ళో, సేద్యం పని ముగించుకుని వచ్చాక నాన్నే మంచం పక్కన కూర్చుని నాకు తెలుగూ లెక్కలూ నేర్పాడు. ఇంగ్లీషు ఒక పాత వాచకంలోంచి నేర్పాడు. ఆయన పలికిన తీరే ఇప్పటికీ నా నోట్లో ఉంది. పెళ్ళయ్యాక దూరవిద్యలో డిగ్రీ అయింది, ఆ తర్వాత ఇంగ్లీషు ఎమ్మే కట్టాను. ఇంత దూరం నడిపించిన మల్దకల్ తిమ్మప్ప స్వామికి, మా నాన్నకు, ఏనాడూ అడ్డు చెప్పని నా భర్తకు ఎన్ని దండాలు పెట్టినా నాకు తక్కువే అనిపిస్తుంది.

ఎమ్మేలో ఒక్క పేపరు మాత్రం నన్ను మింగేసింది. ఇంగ్లీషు సాహిత్య చరిత్ర. వెయ్యేళ్ళకు పైబడిన కాలంలోని కవులు, నాటకకర్తలు, నవలలు రాసినవాళ్ళు. ఎవరి తర్వాత ఎవరు, ఎవరిది ఏ కాలం? ఒకసారి తప్పాను. మరోసారీ తప్పాను. కోర్సుకిచ్చిన గడువు ఆ ఏటితో అయిపోతుంది. ఈసారి గట్టెక్కకపోతే పాసైన పేపర్లు కూడా చెల్లవు, మళ్ళీ మొదటికే రావాలి. మళ్ళీ మొదలుపెట్టే గుండె నాకు లేదని నాకు తెలుసు.

అలాంటప్పుడు దొరికింది టీచరమ్మ. వనపర్తిలో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేసి రిటైరై, పాత ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. క్రైస్తవురాలు. ఆదివారం పొద్దున చర్చికి పోయొచ్చాక నాకు చెబుతానంది. ఏమివ్వాలి అని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

మొదటి రోజే నా పుస్తకం మూయించింది. "లే బిడ్డా, నా ఎన్క రా" అని ఇల్లంతా తిప్పింది. ఆమెకు ఇల్లే సాహిత్య చరిత్ర, ఒక్కో గదీ ఒక్కో కాలం. కాలానికో అర్ర. అన్నిటికంటే పాతకాలం బయటి అరుగు మీద. వీరుడు రాక్షసుడితో తలపడిన కథ పాడి, పేరైనా మిగలకుండా పోయిన కవి అక్కడ ఉంటాడు. "పేరు తెల్వనోన్ని లోపటికి ఎట్ల పిలుస్తం? అరుగు మీదనే కూసుంటడు" అని నవ్వింది. ముందర అర్రలో, దారి పొడవునా యాత్రికుల చేత కథలు చెప్పించిన కవి. నడిమింట్లో, పెళ్ళి చేసుకోని రాణి కాలపు నాటకాలవాళ్ళు. వాళ్ళు ఎక్కువమంది, గొంతులు పెద్దవి, అందుకే వాళ్ళకు పెద్ద చోటు. ఆ పక్కన శిలువ పెట్టుకున్న ప్రార్థన మూల. అది రాజు తల తెగిపడి, నాటకశాలలకు తాళాలు పడిన కాలం. చూపు పోయాక, దేవుడి మీద మహాకావ్యాన్ని పక్కవాళ్ళ చేత రాయించిన కవి అక్కడ ఉంటాడు. మెట్ల కింద, విగ్గులు పెట్టుకుని ఒకరినొకరు వెక్కిరించుకున్నవాళ్ళు. పెరట్లో, కొండలనూ వాగులనూ చూసి మురిసిన కవులు. పెరట్లోంచి తిరిగి వంటింట్లోకి వస్తే మన దేశాన్నీ ఏలిన రాణి కాలపు నవలలు, మగపేర్ల చాటున రాసిన ఆడవాళ్ళు. డాబా పైన నీళ్ళ ట్యాంకు పక్కన, పెద్ద యుద్ధాలు చూసి మనసు విరిగినవాళ్ళు. "వాళ్ళు కిందికి రారు బిడ్డా, మనమే ఎక్కి పోవాలె" అనేది.

ఒక్కొక్క చోట నిలబడి, కళ్ళు మూసుకుని, అక్కడివాళ్ళ పేర్లు వరసగా చెప్పాలి. అంతే చదువు. నాన్న నేర్పినట్టే ఉంది. నాకు పట్టుబడింది.

అదే పని గద్వాలలో మా ఇంట్లోనూ మొదలుపెట్టాను. గేటు దగ్గర ఆగి గొణగడం, వసారాలో ఆగి గొణగడం, నడిమిల్లు, మెట్లు, పెరడు. అయితే నడిమిల్లు దాటగానే మా దేవుని అర్ర వస్తుంది. టీచరమ్మ లెక్క ప్రకారం చూపులేని కవి అక్కడ ఉండాలి. నాకు మనసొప్పలేదు. తిమ్మప్ప పటం ముందర ఎవరో పరాయి ఊరాయన్ని ఎలా కూర్చోబెట్టను? ఆయన్ని గడప అవతలే ఉంచి, ఆ అర్ర ముందు నోరు మూసుకుని, దండం పెట్టి దాటేదాన్ని.

అత్తమ్మ చూసింది ఇదే. కోడలు ఆదివారం ఆదివారం వనపర్తి పోతుంది, క్రైస్తవుల ఇంటికి పోతుంది. వచ్చేసరికి చెమటకు నుదుట బొట్టు చెరిగి ఉంటుంది. ఇంట్లో మూలమూలకూ నిలబడి తెలియని పేర్లేవో పిలుస్తుంది. దేవుడి దగ్గరకు వచ్చేసరికి మాత్రం నోరు పడిపోతుంది. ఆమె చోట నేనున్నా అలాగే అనుకునేదాన్నేమో. పక్కింటామె కూడా మీ కోడలు ఆదివారమే ఎందుకు పోతదని అడిగిందట.

కొన్నాళ్ళకు నేను నిలబడే చోట్లన్నీ తడిగా ఉండటం గమనించాను. అత్తమ్మ బండలు కడుగుతోంది కాబోలు అనుకున్నాను. ఒకరోజు అత్తమ్మ చెంబుతో నా వెనకే వచ్చి, నేను కదిలిన ప్రతిచోటా పసుపునీళ్ళు చల్లడం చూశాను. నేను మెట్ల దగ్గరికి, ఆమె నడిమింటికి. నేను పెరట్లోకి, ఆమె మెట్ల దగ్గరికి. వంటింట్లో మగపేర్ల ఆడవాళ్ళను తలుచుకునేటప్పుడు మాత్రం, వాళ్ళ ఇళ్ళల్లోనూ ఎవరో ఒకరు ఇలాగే ఓరకంట చూస్తూ ఉండేవారనిపించింది.

చివరికి ఒక సాయంత్రం నన్ను కూర్చోబెట్టి అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను, అర్రల సంగతీ, కవుల సంగతీ. అంతా విని ఒక్కటే ప్రశ్న వేసింది.

"పైస తీసుకోకుంట చదువెవరు చెప్తరు పిల్లా? ఊకెనే వచ్చేది గాలొక్కటే."

ఆ మాట నాలో దిగబడింది. మరుసటి ఆదివారం నుంచి నేను టీచరమ్మను కొత్త కళ్ళతో చూడటం మొదలుపెట్టాను. పాఠానికి ముందు ఆమె కాసేపు కళ్ళు మూసుకుని ఏదో వేడుకుంటుంది. ఏమని? నా గురించేనా? అన్నం పెట్టి గానీ పంపదు. ఎందుకు? పోయిన ప్రతిసారీ "మీ ఇంట్ల ఎవరెవరుంటరు బిడ్డా?" అని అడుగుతుంది. ఇన్నిసార్లు చెప్పాక కూడా మళ్ళీ ఎందుకు కూపీ లాగుతోంది? ఆమె పెట్టిన అన్నం తింటూ ఆమెను అనుమానించడం నాకు మింగుడుపడలేదు. అయినా అనుమానం ఆగలేదు. అంతా అత్తమ్మకు చెప్పాను.

"ఈ ఆదివారం నేనొస్త. నాకు బాగనిపించకుంటే ఇగ పోయేది లేదు, పరీక్ష గిరీక్ష లేదు" అంది అత్తమ్మ. నా భర్త నా వైపు చూసి, తోలుకపో, ఆమె తన కండ్లతో చూస్తేగాని నమ్మదు అన్నాడు.

బీచుపల్లి వంతెన మీద బస్సు కృష్ణ దాటుతుంటే అత్తమ్మ ఆంజనేయస్వామికి చేతులు జోడించి, ఆ వెంటనే నా చేతుల వైపు చూసింది. నేను ఎప్పుడూ మొక్కేదాన్నే. ఆ రోజు మాత్రం చూపించడానికి మొక్కినట్టయింది.

టీచరమ్మ "రా అక్కా" అని కుర్చీ వేసి నీళ్ళిచ్చింది. అత్తమ్మ గ్లాసు పక్కన పెట్టింది.

"ఒక మాట అడుగుత, తప్పు వట్టకు టీచరమ్మా. మా కోడల్ని మీ మతంల కలుపుకుందామని చెప్తున్నవా ఈ సదువు?"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. టీచరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మా చర్చోళ్ళు ఇంకో తీరు అడుగుతుండ్రు అక్కా. దేవుని దినం నాడు బొట్టు వెట్టుకున్న పిల్లను పిలిచి, ఇంట్ల నాటకాలు చదివిస్తున్నవట గదా అని."

"మరి కండ్లు మూసుకోని ఏమడుగుతవ్?"

"అది నాకూ ఆయనకూ నడుమ మాట."

ఆ జవాబు అత్తమ్మకు నచ్చలేదు. నిజం చెప్పాలంటే నాకూ నచ్చలేదు.

పాఠం మొదలైంది. ముందు టీచరమ్మ, వెనక నేను, నా వెనక కొంగు నడుముకు బిగించిన అత్తమ్మ. అరుగు, ముందర అర్ర, నడిమిల్లు. టీచరమ్మ గొంతు ఖంగున మోగుతోంది. ప్రార్థన మూల దగ్గరికి రాగానే ఆమె నోరు మూతబడింది. ఏమీ చెప్పకుండా దాటేసింది. అత్తమ్మ నా భుజం గిల్లింది. మెట్ల కింద కాసేపు వెతుక్కుని పేర్లు చెప్పింది. పెరట్లో బట్టల తాడు పట్టుకుని ఆగి, "ఈడ ఎవరుంటరు బిడ్డా?" అంది. పరీక్షిస్తోందనుకుని నేను గడగడా చెప్పాను. వంటింట్లోకి వచ్చాక, నవలల ఆడవాళ్ళ నడుమ, పొయ్యిగట్టు దగ్గర, చూపులేని కవి పేరు చెప్పింది. రెండు వందల ఏళ్ళు అవతలికి.

ఆయన ప్రార్థన మూలలో కదా ఉండేది? నేనే తప్పుగా గుర్తుపెట్టుకున్నానా? అడగలేకపోయాను.

అన్నం వడ్డిస్తూ టీచరమ్మ నా వైపు తిరిగి నవ్వుతూ అడిగింది. "మీ ఇంట్ల ఎవరెవరుంటరు బిడ్డా?"

అత్తమ్మ ఆమె పక్కనే కూర్చుని ఉంది. ముద్ద చేతిలోనే ఆగింది. టీచరమ్మ ముఖంలోకి చాలాసేపు చూసి, నెమ్మదిగా చెప్పింది.

"నేనుంట టీచరమ్మా. ఈ పిల్ల అత్తను."

"అట్లనా! మంచిగైంది అక్కా, తిను తిను."

తిరుగు ప్రయాణంలో పెబ్బేరులో బస్సు మారాం. కిటికీ పక్కన కూర్చున్నాక అత్తమ్మ అంది.

"మా అమ్మ గిట్లనే ఉండె. వంటింట్లకు పోయి, నేనెందుకొచ్చిన్నే అని నిలవడేది. నన్నే పట్టుకోని, నీది ఏ ఊరు బిడ్డా అనేది."

ప్రతి ఆదివారం అడిగిన ఆ ప్రశ్న నాకప్పుడు అర్థమైంది. అది కూపీ కాదు, మరపు. ఆమె కళ్ళు మూసుకుని దేవుణ్ణి ఏమి అడుగుతుందో కూడా తెలిసినట్టనిపించింది. ఇన్నాళ్ళూ ఆమె అన్నం తింటూ నేను ఏమేమి ఊహించుకున్నానో తలుచుకుని తల దించుకున్నాను.

"మరి పోవాల్నా వద్దా అత్తమ్మా?"

"నా అనుమానం నాకున్నది. అది పోదు. కాని గట్లాంటి మనిషిని ఒక్కదాన్ని ఇడిసిపెట్టొద్దు. పో. నేనూ వస్త."

ఇంటికి వచ్చాక నాకు కొత్త భయం పట్టుకుంది. ఆమె చెప్పినదాంట్లో ఎంత సరైనది, ఎంత చెదిరినది? పరీక్ష దగ్గర పడింది. దూరవిద్య పుస్తకాలు ముందేసుకుని ఒక్కొక్క పేరునూ మళ్ళీ సరిచూశాను. మొదటి నెలల్లో చెప్పినవన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఈమధ్య చెప్పినవాటిలో కొందరు అర్రలు మారారు. తిరిగి ఎవరి చోట్లో వాళ్ళను పెట్టుకున్నాను. అయినా నమ్మకం చిక్కలేదు. రాత కూడా తప్పేమో అన్నట్టు పుస్తకాన్నే అనుమానించాను.

నాగర్‌కర్నూల్‌లో పరీక్ష రాశాను, తిమ్మప్ప దయవల్ల గట్టెక్కాను. కానీ నా మనసులో నిలిచిపోయింది దానికి ముందటి ఆదివారం.

ఆ రోజు నన్ను ముందు నడవమంది టీచరమ్మ. నేను చెప్పాలి, ఆమె వినాలి. అరుగు నుంచి నడిమిల్లు దాకా తల ఊపుతూ వచ్చింది. తర్వాతి అడుగు ఎటు? ఆమె చెప్పినట్టు ఆ మూల దాటేసి వంటింటి దాకా పోతే ఆమె మనసు నొచ్చుకోదు. కానీ ఒకసారి తప్పు వరస నోటికి వచ్చిందంటే పరీక్షలోనూ అదే వస్తుందని నాకు తెలుసు. ప్రార్థన మూల ముందు ఆగాను. కళ్ళు మూసుకుని చూపులేని కవి పేరు చెప్పాను.

తిరిగి చూస్తే టీచరమ్మ నన్ను చూస్తోంది. ఆమె ఇంట్లో ఆమెకు చెప్పకుండా సామాను ఎవరో జరిపినట్టు చూస్తోంది.

"ఆయన ఈడుంటడని నీకెవరు చెప్పిండ్రు? వేరే ఎవరి దగ్గరికన్న పోతున్నవా?"

"లేదు టీచర్. మీరే చెప్పిన్రు."

"నేనా?" ఆమె శిలువ వైపు, వంటింటి వైపు, మళ్ళీ నా వైపు చూసింది. నమ్మలేదు.

తలుపు దగ్గర కూర్చున్న అత్తమ్మ లేచి వచ్చింది.

"అవ్ టీచరమ్మా, నువ్వే చెప్పినవ్. నేను ఈ చెవులతోని ఇన్న."

టీచరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అట్లనా... అయితే ఈడనే ఉండనీ" అని, మెట్ల వైపు నడవమని నాకు చెయ్యి చూపించింది.

నిజానికి అత్తమ్మ ఆ మాట వినలేదు. ఆమె ఆ ఇంటి గడప తొక్కేనాటికే ఆయన వంటింట్లోకి మారిపోయాడు.